చెరువు నీళ్ల వేడిని బట్టి గాలం వేయడం: ఓరుగల్లు చుట్టుపక్కల చెరువులకు ఒక మార్గదర్శి

డిసెంబరు మూడో వారంలో ఉదయం ఆరు గంటలకు చెరువు కట్ట మీద కూర్చుని గాలం వేసినవారికి ఈ అనుభవం తప్పకుండా ఎదురై ఉంటుంది. బెండు నీళ్ల మీద మేకు కొట్టినట్టు నిలబడి ఉంటుంది. ఎర వేసింది వేసినట్టే తిరిగి వస్తుంది. నెల కిందట ఇదే చోట గంటకు మూడు చేపలు పడ్డాయన్న సంగతి గుర్తుకొచ్చి ఇంకా చిరాకు పుడుతుంది. ఎండ ఎక్కి పదకొండు దాటాక, ఇక లాభం లేదని సామాను సర్దుకునే వేళకు బెండు మెల్లగా పక్కకు జరుగుతుంది. చేప పొద్దుటి నుంచీ అక్కడే ఉంది, దాని చుట్టూ ఉన్న నీళ్లు ఇప్పుడు రెండు డిగ్రీలు వేడెక్కాయి.

వరంగల్, హనుమకొండ, ములుగు, కరీంనగర్ చుట్టుపక్కల చెరువుల్లో సరదాకు గాలం వేసేవారి కోసం దీన్ని రాస్తున్నాను. వల మీద బతికేవారికి ఇందులో కొత్త సంగతి ఏమీ ఉండదు. నీళ్లలో పాదం పెట్టి వారు చెప్పే లెక్కను నేను థర్మామీటరుతో సరిచూసుకుంటూ వచ్చాను. గాలం వేయడం నాకు చిన్ననాటి అలవాటే గాని, నీళ్ల వేడిని కొలిచి నోటు పుస్తకంలో రాసుకోవడం ఆరేళ్ల కిందట మొదలుపెట్టాను.

ఆ అలవాటు నాకు అంటుకున్నది అమెరికా వాళ్ల బాస్ చేపల పట్టికలు చూసి. అక్కడి లార్జ్‌మౌత్ బాస్ చలికాలంలో నీళ్లు 10 డిగ్రీల దిగువకు పోతే లోతుల్లో మందకొడిగా పడి ఉంటుంది, వసంతంలో నీళ్లు 15, 16 డిగ్రీలు దాటగానే ఒడ్డుకు దగ్గరగా వచ్చి గూడు చేసుకుంటుంది, మండు వేసవిలో లోతుకో నీడకో తప్పుకుంటుంది. ఆ లెక్క ఆ చేపకు, ఆ సరస్సులకు చక్కగా సరిపోతుంది. దాన్ని యథాతథంగా తెచ్చుకుని మన కొర్రమీను మీద ప్రయోగిస్తే మాత్రం ఏడాది పొడుగునా ఒట్టి చేతులతో ఇంటికి రావలసి వస్తుంది, ఎందుకంటే సంక్రాంతి నాటి తెల్లవారుజామున కూడా మా ఊరి చెరువులో నా థర్మామీటరు 19 కిందకు దిగిన దాఖలా లేదు. వాళ్ల వసంతకాలపు నీళ్ల కంటే మన చలికాలపు నీళ్లే వేడిగా ఉంటాయన్నమాట. మన చెరువుల్లో చేపను ముప్పుతిప్పలు పెట్టేది చలి కంటే ఎక్కువగా ఎండాకాలపు వేడి, ఆ వేడితో పాటు నీళ్లలో కరువయ్యే గాలి.

ఒకే నీళ్లు, రెండు రకాల ఊపిరి

చేపకు మనకున్నట్టు ఒంటి వేడి అంటూ విడిగా ఉండదు. నీళ్లు ఎంత వేడిగా ఉంటే దాని ఒళ్లూ దాదాపు అంతే వేడిగా ఉంటుంది. నీళ్ల వేడి 10 డిగ్రీలు పెరిగితే దాని ఒంట్లో జరిగే పనులు సుమారుగా రెట్టింపు వేగం అందుకుంటాయి. తిన్నది త్వరగా అరుగుతుంది, ఆకలి త్వరగా వేస్తుంది, ఊపిరి కూడా అదే లెక్కన ఎక్కువ కావలసి వస్తుంది. 20 డిగ్రీల నీళ్లలో ఒక పరిగెను మింగిన కొర్రమీను మరునాటి దాకా మరో ఎర వైపు చూడకపోవచ్చు. 30 డిగ్రీల నీళ్లలో అదే చేప పొద్దుగూకే వేళకు మళ్లీ వేటకు బయలుదేరుతుంది.

చిక్కల్లా ఇక్కడే ఉంది. వేడి పెరిగేకొద్దీ చేపకు కావలసిన ప్రాణవాయువు పెరుగుతుంటే, నీళ్లు తమలో నిలుపుకోగలిగిన ప్రాణవాయువు తగ్గుతూ పోతుంది. 20 డిగ్రీల మంచినీళ్లలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరుగుతుంది, 30 డిగ్రీల దగ్గర అది ఏడున్నరకు, 35 దగ్గర 7కు పడిపోతుంది. అంకెల్లో తేడా చిన్నదిగా కనిపించవచ్చు. అయితే పచ్చగా పాచి పట్టిన చెరువులో పగలు ప్రాణవాయువును వదిలే ఆ పాచే రాత్రంతా దాన్ని పీల్చుకుంటుంది కనుక, తెల్లవారేసరికి చేపలకు మిగిలేది చాలా తక్కువ. వేసవిలో రోజంతా మబ్బు పట్టి ఉంటే, మరునాటి తెల్లవారుజామున బొచ్చెలు, రవ్వలు నోళ్లు తెరుచుకుని పైకి తేలి గుటకలు వేయడం చెరువున్న ఊళ్లలో అందరూ చూసేదే. ఆ వేళ వాటి మూతి ముందు ఎంత కమ్మని పిండిముద్ద వేలాడదీసినా ముట్టవు. ఊపిరికే తన్నుకులాడే చేపకు తిండి ధ్యాస ఎక్కడిది?

కొర్రమీను సంగతి వేరు. మన పల్లెల్లో కొర్రమట్ట అని కూడా పిలిచే ఈ తెలంగాణ రాష్ట్ర చేపకు తలలో, మొప్పల పైభాగాన, గాలిని నేరుగా పీల్చుకునే ఒక అర ఉంటుంది. అది నీటి మీదికి వచ్చి ఒక గుటక గాలి మింగి మళ్లీ కిందకు పోతుంది. మార్పు, ఇంగిలాయి కూడా గాలి పీల్చే చేపలే. నీళ్లు చల్లగా ఉన్నప్పుడు కొర్రమీను ఒక గుటకతో చాలాసేపు అడుగునే ఉండగలదు, వేడెక్కేకొద్దీ పైకి రావలసిన విడతలు దగ్గరపడతాయి. గాలం వేసేవాడికి ఇంతకంటే మంచి కబురు ఉండదు, ఎందుకంటే ఏప్రిల్, మే నెలల్లో ఈ చేప తానున్న చోటును తానే చాటుకుంటుంది. తామరాకుల సందున ‘టుప్పు’మని ఒక చప్పుడు వినిపిస్తుంది, నీటి మీద అరచేతి వెడల్పున సుడి తిరుగుతుంది, దాని వెనుకే రెండు మూడు బుడగలు పైకి వస్తాయి. బుడగలు ఏ దిక్కుకు వరుస కడుతున్నాయో గమనిస్తే చేప ఎటు పోతున్నదో కూడా తెలుస్తుంది.

కాబట్టి ఒకే చెరువు, ఒకే రోజు, ఒకే వేడి అయినా బొచ్చె కోసం వచ్చినవాడికీ కొర్రమీను కోసం వచ్చినవాడికీ మంచి వేళలు ఒకటి కావు. కింద చెప్పబోయే కాలాల లెక్కంతా ఈ తేడా మీదనే ఆధారపడి ఉంది.

నీళ్ల వేడిని కొలిచే తీరు

ఇంట్లో జ్వరం చూసే థర్మామీటరు దీనికి పనికిరాదు, దాని అంకెలే 35 దగ్గర మొదలవుతాయి. అక్వేరియం సామాన్లు అమ్మే దుకాణంలో దొరికే, తీగ చివర ముల్లు ఉండే చిన్న డిజిటల్ థర్మామీటరు సరిపోతుంది. దాని తీగ గజం పొడవే ఉంటుంది కనుక పై నీళ్లు కొలవడానికి అది చాలు, లోతు నీళ్లకు వేరే ఉపాయం కావాలి.

నేను వాడేది ఒక పాత గాజు సోడా సీసా. దాని అడుగున కిలో బరువు రాయిని గుడ్డతో బిగించి కట్టాను, మెడకు మూరకొక ముడి వేసిన నైలాన్ తాడు కట్టాను. మూతికి బిగించిన బిరడాకు ఇంకో సన్నని తాడు ఉంటుంది. సీసాను కావలసిన లోతుకు ముళ్లు లెక్కపెట్టుకుంటూ దించి, సన్నని తాడును ఒక్క గుంజు గుంజితే బిరడా ఊడి వస్తుంది. బుడగలు బుడబుడమని పైకి వస్తాయి, అవి ఆగిపోయాయంటే సీసా నిండినట్టు. వెంటనే పైకి లాగి, నీడలో పెట్టి, ముల్లును సీసాలోకి దించి ఒక నిమిషం ఆగి అంకె చూడాలి. సీసా పొట్టను చేత్తో పట్టుకోకూడదు, చెయ్యి వేడి తగిలినా అంకె పైకి పాకుతుంది. మొదటిసారి నేను తాడును మణికట్టుకు చుట్టుకోవడం మరచి సీసాను చెరువుకు సమర్పించుకున్నాను కనుక, ఆ ముడి ముందు వేసుకోవడం మంచిది.

పై నీళ్లను కూడా మరీ పైపైన కొలవకూడదు. గాలి లేని మే నెల మధ్యాహ్నం మోకాలి లోతు నీళ్లలోకి దిగినవారికి తెలుసు, పైన నాలుగు వేళ్ల మేర స్నానానికి కాచినట్టు ఉంటుంది, పాదాల దగ్గర హాయిగా ఉంటుంది. అందువల్ల కనీసం ఒక మూర లోతున కొలవాలి. ప్రతి చెరువులో మూడు చోట్ల కొలిస్తే దాని స్వభావం పట్టుబడుతుంది: తూము దగ్గర కట్ట కింది లోతు, శికం (చెరువు లోపలి పల్లపు భూమి) వైపు మోకాలి లోతు, వాగు వచ్చి కలిసే చోటు. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి కొలిస్తే ఆ రెండింటి మధ్య తేడాయే ఆ రోజు చేపల నడకను చెబుతుంది.

ఆరేళ్ల రాతలో నాకు తేలినది ఏమిటంటే, అంకె కంటే అంకెలో వచ్చిన మార్పు ముఖ్యం. 24 డిగ్రీలు మంచి వేడా కాదా అన్న ప్రశ్నకు జవాబు లేదు. నిన్న 22 ఉండి ఇవాళ 24 అయితే కొర్రమీను కదులుతుంది. మొన్న 27 ఉండి రెండు రోజుల్లో 24కు పడితే అదే చేప నోరు మూసుకుంటుంది, రెండు మూడు రోజుల తర్వాత ఆ 24కే అలవాటుపడి మళ్లీ తినడం మొదలుపెడుతుంది.

మృగశిర నుంచి మత్తడి దాకా

మన దగ్గర గాలం వేసేవారికి ఏడాది మృగశిర కార్తెతో మొదలవుతుందని చెప్పవచ్చు. జూన్ మొదటి వారం చివర వచ్చే ఆ రోజున ఇంట్లో చేపల కూర వండుకోవడం తెలంగాణలో తప్పని ఆచారం కనుక, ఆ రోజు చెరువు గట్లన్నీ జాతరను తలపిస్తాయి. గాలానికి మాత్రం అది అంత గొప్ప రోజు కాదు. తొలకరి జల్లులు నేలను తడుపుతాయే తప్ప చెరువు నీళ్లను చల్లార్చవు, నీళ్లు ఇంకా 31, 32 దగ్గరే ఉంటాయి.

అసలు మార్పు మొదటి పెద్ద వానతో వస్తుంది. వాగు నుంచి వచ్చే ఎర్రనీళ్లు చెరువు నీళ్ల కంటే చల్లగా, బరువుగా ఉంటాయి కనుక అవి పైన పరుచుకోకుండా అడుగుకు దూరి, అక్కడ కుళ్లిన బురదను, దానితో పాటు ప్రాణవాయువు లేని నీళ్లను పైకి లేపుతాయి. ఆ ఒకటి రెండు రోజులు బొచ్చె, రవ్వ జాతి చేపలకు గండం, ఒడ్డున కూర్చుని ప్రయోజనం ఉండదు. మూడో రోజు నుంచి కథ తిరుగుతుంది. పరిగెలు, జెల్లలు, మట్టగిడసలు కొత్త నీటికి ఎదురెక్కుతాయి, వాటి వెనుక వాలుగలు, కొర్రమీన్లు బయలుదేరుతాయి. ఈ రోజుల్లో చూడవలసింది వాగు నోటి దగ్గర ఎర్రనీళ్లకూ చెరువు నల్లనీళ్లకూ మధ్య కనిపించే గీత. ఎర్రటి వైపు వేస్తే చేపకు ఎర కనిపించదు. గీతకు ఇవతల, నల్లనీళ్ల అంచున, నడుము లోతులో రెండు ఎర్రలను (వానపాములను) కలిపి గుచ్చి వేస్తే జెల్లలతో మొదలై వాలుగ దాకా ఏదైనా పడవచ్చు.

ఒక పక్క మాట చెప్పాలి. కొత్త నీటికి ఉరకలు వేసే బొచ్చె, రవ్వలు నిలువ నీటి చెరువులో గుడ్లు పెట్టవు, వాటికి పారే నది కావాలి. అందుకే ఏటా చెరువుల్లో పిల్లలను వదలవలసి వస్తుంది. 1957 జులై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌదురి పీయూష గ్రంథి సారాన్ని ఎక్కించి ఈ జాతి చేపలతో గుడ్లు పెట్టించకపోయి ఉంటే, మన చెరువుల్లో ఇన్ని బొచ్చెలు ఉండేవి కావు. ఆ తేదీనే ఇప్పుడు జాతీయ చేపల రైతుల దినంగా జరుపుకుంటున్నారు.

కొర్రమీనుకు ఆ ఇబ్బంది లేదు. వాన నీళ్లు గడ్డిలోకి ఎక్కగానే అది పచ్చిక మధ్య కాస్త చోటు శుభ్రం చేసుకుని గుడ్లు పెడుతుంది. పిల్లలు ఎర్రగా, గుప్పెడు కుంకుమ నీళ్లలో చల్లినట్టు గుంపుగా తిరుగుతుంటాయి, తల్లిదండ్రులు వాటి కిందనే కాపలా కాస్తుంటాయి. ఆ గుంపు పక్కన ఏది పడినా కాపలా చేప ఆకలితో సంబంధం లేకుండా వచ్చి కరుస్తుంది కనుక దాన్ని పట్టడం చాలా సులువు. అందుకే పట్టకూడదు. పెద్ద చేప పోయిన గంటలోపే జిలేబీలు (తిలాపియా చేపలు), పరిగెలు ఆ పిల్లలను ఊడ్చేస్తాయి. గూడు కాసే బాస్ మగచేపను పట్టడం తగునా తగదా అని అమెరికా వాళ్లకూ ఇదే తగాదా ఉంది. ఎర్రటి గుంపు కనిపిస్తే నేను గాలం చుట్టుకుని అవతలి ఒడ్డుకు పోతాను.

ఆగస్టు, సెప్టెంబరులలో చెరువు నిండి మత్తడి (అలుగు) దూకే రోజుల గురించి చెప్పడానికి పెద్దగా లేదు. నీళ్లు 27 నుంచి 29 మధ్య పైనుంచి కింది దాకా ఒకే తీరుగా ఉంటాయి, చేపలు చెరువంతా చెదిరిపోతాయి, థర్మామీటరు ఏ చోటునూ ప్రత్యేకించి చూపదు. మత్తడి కింద మడుగులో చేపలుంటాయి నిజమే, అయితే పాచి పట్టిన మత్తడి రాళ్ల మీద నిలబడి గాలం వేయడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. ఉరుములు వినిపిస్తే కార్బన్ రాడ్డును కింద పెట్టి చెరువు విడిచిపోవాలి, అది పిడుగుకు దారి చూపే కడ్డీ.

బతుకమ్మ నుంచి సంక్రాంతి దాకా

వాన తగ్గి నీళ్లు తేరుకున్నాక, హస్త, చిత్త కార్తెల నుంచి కార్తీక పున్నమి దాకా సాగే కాలం నాకు ఏడాదిలో అన్నింటికంటే ఇష్టం. నీళ్లు 28 నుంచి 25కు చాలా నెమ్మదిగా దిగుతుంటాయి, ప్రాణవాయువుకు కొదువ ఉండదు, చేప రోజంతా తింటుంది. బొచ్చెకు తవుడు, పల్లిపిండి కలిపి నిమ్మకాయంత ముద్ద పెట్టవచ్చు. సద్దుల బతుకమ్మ మరునాడు మాత్రం పోవడం దండగ, తంగేడు, గునుగు పూలు గాలపు దారానికి చుట్టుకుని బెండును కదలనివ్వవు.

నవంబరు చివర ఉత్తరం నుంచి చలిగాలి మొదలైన వారంలో మొదటి దెబ్బ తగులుతుంది. రాత్రి పూట పై నీళ్లు చల్లబడి బరువెక్కి కిందకు దిగుతాయి, తెల్లవారేసరికి చెరువంతా ఒకే చల్లదనం. మొట్టమొదట నోరు కట్టేసుకునేది జిలేబి. ఆఫ్రికా నుంచి వచ్చిన ఆ చేపకు చలి గిట్టదు, నీళ్లు 20కి దిగితే దాని మీద ఆశ వదులుకోవచ్చు. తర్వాత బొచ్చె, రవ్వ తగ్గుతాయి. చలికి తట్టుకుని తినేది బంగారుతీగ, చలి దేశాల నుంచి వచ్చిన చేప కనుక 20 డిగ్రీలు దానికి లెక్కలోకి రావు. జనవరిలో ఒట్టి చేతులతో రాకూడదనుకుంటే దానికోసమే వెళ్లాలి.

మా ఊరి సంఘంలో వల వేసే ఒక పెద్దయ్య నన్ను పొద్దున్నే కట్ట మీద చూసినప్పుడల్లా ఒకటే మాట అనేవాడు: “నీళ్లు సల్లవడ్డంక చేప నోరు కట్టుకుంటది బిడ్డా, ఎండ ముదరనియ్యి.” నా పుస్తకం ఆయన మాటనే రుజువు చేసింది. డిసెంబరు, జనవరి నెలల్లో నాకు పడిన చేపల్లో ఎక్కువ భాగం పదకొండుకూ మూడున్నరకూ మధ్య పడినవే. చలికాలంలో తెల్లవారుజామున లేవడం వేటకు సంబంధించినంత వరకు ఉత్త తపస్సు.

ఏ ఒడ్డున కూర్చోవాలన్నదీ ఎండే నిర్ణయిస్తుంది. పొద్దుటి ఎండ మొదట పడేది పడమటి ఒడ్డు మీద కనుక పదకొండు దాకా అక్కడ ఉండాలి. ఈ కాలంలో గాలి ఎక్కువగా ఈశాన్యం నుంచి వీస్తుంది, వేడెక్కిన పై నీళ్లను అది నైరుతి మూలకు నెడుతుంది. మధ్యాహ్నం రెండింటికి ఈ మూలనూ ఆ మూలనూ కొలిస్తే కొన్నిసార్లు ఒక డిగ్రీ పైనే తేడా కనిపిస్తుంది, చేపకు ఆ తేడా చాలు. ఎండకు కాగిన కట్ట రాళ్లు సాయంత్రం దాకా తమ పక్కన ఉన్న నీళ్లను కాస్త వెచ్చగా ఉంచుతాయి, రాళ్లకు గజం దూరంలోనే గాలం దించాలి. లక్నవరం లాగా కొండల నడుమ ఉన్న చెరువుల్లో ఎండ ఆలస్యంగా పడి త్వరగా పోతుంది కనుక ఈ వేళలను ఇంకా కుదించుకోవాలి.

ఎర చిన్నది కావాలి. నిమ్మకాయంత ముద్ద ఈ నీళ్లలో రేగుపండంతకు తగ్గాలి. చల్లని నీళ్లలో పిండి త్వరగా విడిపోదు కనుక గోరువెచ్చని నీళ్లతో కాస్త వదులుగా కలుపుకోవాలి, లేకపోతే వాసన నీళ్లలోకి పాకదు. కొర్రమీను కోసమైతే, ఎరగా వాడే రబ్బరు కప్పను ఇంట్లో పెట్టి, ఒక్క ఎర్రను అడుగుకు దించి, చేయి కదపకుండా కూర్చోవాలి. బెండు మునగకపోయినా, రెండు వేళ్ల మేర పక్కకు జరిగితే ఎర చేప నోట్లో ఉన్నట్టే. బంగాళాఖాతంలో తుపాను లేచి రెండు మూడు రోజులు మబ్బు కమ్మితే చాలామంది ఇంట్లో ఉండిపోతారు. ఆ మబ్బు రాత్రి చలిని అడ్డుకుంటుంది, నీళ్ల వేడి పగలూ రాత్రీ ఒకే తీరుగా నిలుస్తుంది కనుక చలికాలం మొత్తంలో పొద్దున పూట చేప పడే రోజులు అవే.

శివరాత్రి నుంచి రోహిణి దాకా

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందన్న మాట నీళ్లకూ వర్తిస్తుంది. తూము దగ్గర లోతు నీళ్ల కంటే శికం వైపు మోకాలి లోతు నీళ్లు మధ్యాహ్నానికి రెండు మూడు డిగ్రీలు ఎక్కువ వేడెక్కడం మొదలైందంటే కొర్రమీను లోతు విడిచి అంచుకు వచ్చిందని అర్థం. యాసంగి వరికి తూము తెరిచి నీళ్లు వదులుతుంటారు కనుక చెరువు రోజురోజుకూ కుంచించుకుపోతుంది, చేపలు ఉన్న కాస్త నీటిలో దగ్గరవుతాయి. కాకతీయ కాలువ నీళ్లు అందే చెరువుల్లో ఈ తగ్గుదల అంతగా ఉండదు.

మార్చి, ఏప్రిల్ నెలల్లో నీళ్లు 26 నుంచి 30 మధ్య ఉంటాయి, రబ్బరు కప్పకు ఇదే అసలైన కాలం. బతికున్న కప్పను గాలానికి కట్టే పాత పద్ధతిని విడిచిపెట్టడం మంచిది, రబ్బరు కప్ప అంతే బాగా పనిచేస్తుంది. సుడి కనిపించిన చోట నేరుగా వేస్తే చేప బెదురుతుంది. దానికి నాలుగు మూరల అవతల, వీలైతే తామరాకు మీద పడేట్టు వేసి, ఆకు మీది నుంచి నీళ్లలోకి జారేట్టు మెల్లగా లాగాలి. కప్ప నీళ్లను తాకిన చోట మూడు నాలుగు క్షణాలు కదపకుండా ఆపాలి. చాలాసార్లు దెబ్బ పడేది ఆ ఆగిన క్షణంలోనే, నీళ్లు పగిలినట్టు చప్పుడవుతుంది. అప్పుడు చెయ్యి గుంజకుండా ఉండగలగడమే విద్య. నీళ్లు 26 దగ్గర ఉన్నప్పుడు ఒకటి, రెండు, మూడు అని మనసులో లెక్కపెట్టి, దారం బరువెక్కాక గట్టిగా గుంజాలి. 30 దాటిన నీళ్లలో చేప వేగం పెరుగుతుంది కనుక ఒకటి అనేలోపే గుంజవచ్చు. నోరంతా గట్టి ఎముక కావడం వల్ల మెత్తగా గుంజితే గాలం దిగదు.

మే నెలలో, ముఖ్యంగా రోళ్లు పగిలే రోహిణి కార్తెలో, చెరువు చాలావరకు పలుచని పళ్లెంలా మారిపోతుంది, నీళ్లు మధ్యాహ్నానికి 34 దాకా పోతాయి. అప్పుడు వెతకవలసింది గుంతలను. 2015లో మిషన్ కాకతీయ మొదలయ్యాక పూడిక మట్టి తీసిన చాలా చెరువుల్లో జేసీబీలు తవ్విన గుంతలు నీళ్ల కింద ఉన్నాయి. మిగతా చెరువు నడుము లోతుండగా అక్కడ నిలువు లోతుంటుంది. సీసాను దించి చూస్తే అడుగున మూడు నాలుగు డిగ్రీల చల్లదనం దొరుకుతుంది. నీళ్లు అడుగంటిన ఏడాది కట్ట మీది నుంచి ఫోన్‌తో ఆ గుంతల ఫొటోలు తీసి పెట్టుకుంటే వచ్చే నాలుగేళ్లూ పనికొస్తాయి.

వేళల్లో చాలామంది పొరపడేది ఈ నెలలోనే. పొద్దున చల్లగా ఉంటుంది కదా అని బొచ్చె కోసం ఐదింటికే వస్తారు. నీళ్ల వేడి అప్పుడే అన్నింటికంటే తక్కువ, నిజమే, అయితే రాత్రంతా పాచి పీల్చగా ప్రాణవాయువు కూడా అప్పుడే అన్నింటికంటే తక్కువ. బొచ్చె, రవ్వల కోసం సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా కూర్చోవాలి, పగలు తయారైన ప్రాణవాయువు ఇంకా మిగిలి ఉంటుంది, ఎండ తగ్గి ఉంటుంది. గాలి పీల్చే కొర్రమీనుకు ఆ బాధ లేదు కనుక దానికి తెల్లవారుజామే సరైన వేళ. ఎనిమిదిన్నర తర్వాత చేప సంగతి అలా ఉంచి, మనిషే ఒడ్డున నిలవలేడు.

అనుమతి గురించి రెండు మాటలు. ఊరి చెరువుల్లో చేపల హక్కు సాధారణంగా మత్స్యకారుల సహకార సంఘానిది, వారిని అడగకుండా గాలం వేయకూడదు. అడిగితే ఎక్కువమంది కాదనరు. వానాకాలంలో వేట నిలిపివేసే జలాశయాల సంగతి కూడా వారికే తెలుసు. పాకాల చెరువు అభయారణ్యంలో ఉంది కనుక అక్కడ అటవీ శాఖ మాటే చెల్లుతుంది.

పట్టిన చేపను ఉంచుకునే తీరు కూడా నీళ్ల వేడిని బట్టి మారుతుంది. చలికాలంలో బకెట్టు నీళ్లలో బొచ్చె గంటసేపు నిలుస్తుంది, మే నెలలో పది నిమిషాల్లో తేలిపోతుంది. వదిలిపెట్టదలచిన చేపను 30 దాటిన నీళ్లలో ఎక్కువసేపు ఆడించకుండా త్వరగా ఒడ్డుకు తెచ్చి, తడి చేతులతో పట్టుకుని, నీళ్లలో ఉండగానే గాలం ఊడదీయాలి. కొర్రమీను విషయంలో నేను చేసిన తప్పు ఇంకొకటి. ఒక ఏప్రిల్ ఉదయం పట్టిన రెండు కిలోల చేపను బతికుండగా ఇంటికి తేవాలని నైలాన్ సంచిలో వేసి, మూతి కట్టి, చల్లగా ఉంటుందని తూము పక్కన నిలువు లోతులోకి దించాను. రెండు గంటల తర్వాత లాగి చూస్తే చచ్చి ఉంది. గాలి కోసం పైకి రాలేని కొర్రమీను నీళ్లలోనే ఊపిరాడక చస్తుందని అప్పటికి నాకు తెలియదు. ఇప్పుడు సంచిని రాతికి కడుతున్నాను, దాని మూతి వైపు జానెడు మేర నీళ్ల పైనే ఉండేట్టు చూస్తున్నాను, ఎండ పడకుండా పైన తడి గోనె కప్పుతున్నాను.